యువతకు లక్ష్యం ముందే తెలిసి ఉండాలా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో యువత కోసం కేటాయించిన పేజీని నేను కొన్నేళ్లుగా క్రమం తప్పకుండా చదువుతున్నాను. పోటీ పరీక్షల వివరాలు, ఉద్యోగ ప్రకటనలు, చిన్న వయసులోనే పేరు తెచ్చుకున్నవారి పరిచయాలు అందులో శ్రద్ధగా ప్రచురిస్తున్నారు. వాటివల్ల ఎందరికో మేలు జరుగుతోందనడంలో నాకు సందేహం లేదు. అయితే ఆ పరిచయాల్లో దాదాపు ప్రతిదానిలోనూ, ఫలానావారు తమకేం కావాలో చిన్నప్పుడే తెలుసుకున్నారనీ, దాని కోసమే కష్టపడి సాధించారనీ ఉంటుంది. పక్కనే వచ్చే సలహాల వ్యాసం కూడా ముందు మీ జీవిత లక్ష్యం ఏమిటో తెలుసుకోండి అన్న మాటతోనే మొదలవుతుంది. చదువు ముగించి, ఉద్యోగంలో చేరి, ఇరవైల చివరికి వస్తున్న పాఠకురాలిగా ఈ సలహా మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. దానిని కాస్త వివరంగా చెప్పుకోవడానికి చోటిస్తారని ఆశిస్తున్నాను.

చదువుకునే రోజుల్లో ప్రతి ఏడాదికీ ఒక గమ్యం దానంతటదే ఏర్పడి ఉంటుంది. పరీక్ష, ఫలితం, పై తరగతి, మళ్లీ పరీక్ష. ఉద్యోగం వచ్చాక ఆ వరుస ఒక్కసారిగా తెగిపోతుంది. సోమవారం చేసిన పనే మంగళవారమూ చేస్తాం, జీతం వస్తుంది, నెల గడుస్తుంది, ఇంట్లోవాళ్లు పిల్లలు స్థిరపడ్డారని సంతోషిస్తారు. మనసులో మాత్రం 'ఇంతేనా' అన్న ప్రశ్న మొదలవుతుంది. ఈ ప్రశ్న వేసుకోవడం జబ్బు కాదు, కృతఘ్నత అసలే కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జెఫ్రీ ఆర్నెట్ 2000లో ప్రచురించిన పరిశోధన పత్రంలో, ముఖ్యంగా పారిశ్రామిక సమాజాల్లో 18 నుంచి 25 ఏళ్ల మధ్య కాలాన్ని కౌమారానికీ పూర్తిస్థాయి వయోజన జీవితానికీ నడుమ ఉన్న ఒక ప్రత్యేక దశగా గుర్తించాలని ప్రతిపాదించారు. తానెవరో, ఏ పని చేయాలో, ఎవరితో కలిసి బతకాలో వెతుక్కోవడమే ఆ దశ లక్షణమని ఆయన వివరించారు. అటువంటి వయసులో ఉన్నవారికి లక్ష్యం తెలియకపోతే వెనకబడిపోయినట్టేనన్న అర్థం వచ్చేలా రాస్తే, సహజమైన వెతుకులాట కాస్తా వ్యక్తిలోని లోపంగా కనిపించడం మొదలుపెడుతుంది.

తమకు నప్పే పని ఎక్కడో సిద్ధంగా ఉందనీ, దాన్ని కనిపెట్టడమొక్కటే మిగిలిందనీ నమ్మితే ఏమవుతుందో 2018లో పాల్ ఓకీఫ్, కరోల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ అనే పరిశోధకులు పరీక్షించి చూశారు. ఆసక్తులు మనలో ముందే స్థిరపడి ఉంటాయని నమ్మే విద్యార్థులనూ, అవి క్రమంగా పెంపొందుతాయని నమ్మే విద్యార్థులనూ వారు పోల్చారు. సాంకేతిక విషయాలంటే ఇష్టమున్నవారికి కళలు, సాహిత్యానికి సంబంధించిన వ్యాసాన్ని, కళలంటే ఇష్టమున్నవారికి సాంకేతిక వ్యాసాన్ని ఇచ్చి చదివించినప్పుడు, మొదటి రకం నమ్మకం ఉన్నవారు తమది కాని రంగంపై తక్కువ ఆసక్తి చూపారు. మరో ప్రయోగంలో కృష్ణబిలాల గురించి ఆకట్టుకునే వీడియో ఒకటి చూపించారు. అది చూసి ఉత్సాహపడినవారికి అదే విషయంపై కఠినమైన శాస్త్రీయ వ్యాసం ఇచ్చి చదవమన్నారు. ఆసక్తి ముందే ఉంటుందని నమ్మినవారిలోనే ఆ ఉత్సాహం ఎక్కువగా పడిపోయింది. నాకు నిజంగా తగిన విషయమే అయితే ఇంత కష్టంగా ఎందుకుంటుందన్న అనుమానం వారిని వెనక్కి లాగిందని అర్థం చేసుకోవచ్చు.

నా తోటివారిలో ఈ అనుమానం చేస్తున్న నష్టాన్ని నేను కళ్లారా చూస్తున్నాను. ఒకరు సంగీతం నేర్చుకోవడం మొదలుపెడతారు, వేళ్లు నొప్పి పుట్టే దశకు వచ్చేసరికి ఇది నాది కాదేమో అని మానేస్తారు. మరొకరు కొత్త భాష మొదలుపెట్టి, వ్యాకరణం దగ్గర ఆగిపోతారు. ఆగిపోవడంలో తప్పేమీ లేదు. ఎవరైనా ఏ పనైనా వదిలేయవచ్చు. కానీ వదిలేసిన ప్రతిసారీ, అసలు నాకంటూ ఏదీ రాసిపెట్టి లేదన్న నిర్ణయానికి వాళ్లు మరికొంచెం దగ్గరవుతున్నారు. నేను బాధపడేది అందుకు.

ఇక్కడ ఒక ఉదాహరణ చెప్పాలి. మేముండే భవనంలోనే కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు. ఆమెకు చూపు బాగా మందగించింది. రోజూ పత్రిక చదివి వినిపించే మనుమరాలు చదువు కోసం వేరే ఊరు వెళ్లిపోవడంతో, కొన్నాళ్లపాటు నువ్వు చదివి పెడతావా అని నన్నడిగారు. కాదనలేక ఒప్పుకున్నాను తప్ప అందులో నాకు ఏ ఆశయమూ లేదు. ఆవిడ మొదటి పేజీ కన్నా ముందు పాఠకుల ఉత్తరాలు చదవమంటారు. తొందరగా చదివితే, "నిదానంగా చదువమ్మా, వాక్యం చివర మాట మింగేస్తున్నావు" అని ఆపుతారు. ఏదైనా పేరు తప్పు పలికితే సరిదిద్ది, ఆ మనిషి గురించి తనకు తెలిసింది చెబుతారు. కొంతకాలం గడిచేసరికి మధ్యాహ్నం ఆఫీసులో పత్రిక తిరగేస్తూ, ఇది సాయంత్రం ఆవిడకు చదివి వినిపించాలి అని గుర్తు పెట్టుకోవడం నాకు అలవాటైంది. ఎక్కడ ఆగాలి, ఎక్కడ గొంతు తగ్గించాలి అన్నది పట్టించుకోవడం మొదలైంది. ఇప్పుడు చూపు లేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసే ఒక చిన్న బృందంలో నేనూ ఉన్నాను. పైకి చదవడం నాకు ఇష్టమని ముందే ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. అడిగినవారు ఉన్నారు, పని మొదలైంది, దాని వెనకే ఇష్టం వచ్చింది. నాకు తెలిసినంతలో ఎక్కువమంది విషయంలో క్రమం ఇదే.

ఆనందం సంగతికి వస్తే, పెద్ద విజయం వచ్చినప్పుడే అది కలుగుతుందన్న భావన కూడా మన పేజీల్లో బలంగా ఉంది. 1978లో ఫిలిప్ బ్రిక్‌మన్, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనం ఈ సందర్భంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. అమెరికాలో లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందిని వారు సాధారణ వ్యక్తులతో పోల్చారు. గెలిచినవారు చెప్పుకోదగినంత ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. పైగా స్నేహితుడితో మాట్లాడడం, ఉదయం ఫలహారం, ఒక హాస్యపు మాట విని నవ్వుకోవడం వంటి మామూలు విషయాల్లో వారు పొందే సంతోషం తక్కువగా కనిపించింది. ఇది చాలా చిన్న అధ్యయనమన్న విషయం కూడా చెప్పాలి. ఆ తర్వాత స్వీడన్‌లో లాటరీ విజేతలపై జరిగిన, 2020లో ప్రచురితమైన పెద్ద పరిశోధనలో, గెలిచినవారికి జీవితం పట్ల ఉన్న సంతృప్తి ఏళ్ల తరబడి కాస్త పెరిగే ఉన్నట్టు తేలింది. కాబట్టి డబ్బుతో పని లేదని నేను అనడం లేదు. అప్పుతో, అద్దెతో సతమతమయ్యేవారికి చిన్న చిన్న సంతోషాల గురించి ఉపదేశం చేయడం అన్యాయం. రోజులో ఎక్కువ భాగం నిండేది మాత్రం ఆ మామూలు విషయాలతోనే గనుక, వాటిని అనుభవించే శక్తి పోగొట్టుకుంటే ఎంత సాధించినా ఆ లోటు తీరదని మాత్రమే నా మనవి.

ఆ శక్తిని మనం ఎలా పోగొట్టుకుంటున్నామో తెలుసుకోవడానికి మరో పరిశోధన ఉపయోగపడుతుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2250 మందిని రోజులో వేర్వేరు సమయాల్లో ఫోను ద్వారా పలకరించి, ఇప్పుడేం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా, ఎలా అనిపిస్తోంది అని అడిగారు. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం దాదాపు 47 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. అలా మనసు మరోచోట ఉన్నప్పుడు జనం తక్కువ సంతోషంగా ఉన్నారు. హాయైన ఆలోచనల్లోకి వెళ్లినప్పుడు కూడా, పని మీద మనసు ఉన్నప్పటి కన్నా ఎక్కువ సంతోషమేమీ కలగలేదు. ఇవాళ మనలో చాలామంది భోజనం చేస్తూ ఫోను చూస్తాం, ఫోను చూస్తూ ఇంకొకరి ప్రయాణాల గురించి, పెళ్లిళ్ల గురించి, పదోన్నతుల గురించి ఆలోచిస్తాం. తిన్న రుచీ మిగలదు, చూసినదీ గుర్తుండదు. ఫోన్లను నిషేధించాలన్నంత దూరం నేను వెళ్లను. తినేటప్పుడు, నడిచేటప్పుడు, ఎదుటివారు మాట్లాడుతున్నప్పుడు దాన్ని పక్కన పెట్టడం మాత్రం ఎవరికైనా సాధ్యమే.

ఉద్యోగం విషయంలో కూడా ఇదే పద్ధతిలో ఆలోచించవలసి ఉంది. అర్థవంతమైన ఉద్యోగాలు కొన్ని, అర్థం లేనివి కొన్ని అని మనం విడదీస్తాం. ఎమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే పరిశోధకులు 2001లో ప్రచురించిన పత్రంలో ఆసుపత్రిలో శుభ్రం చేసే సిబ్బంది గురించి రాశారు. ఒకే రకం పని చేస్తున్నవారిలోనే కొందరు తమకు అప్పగించిన పనులను మాత్రమే లెక్కలోకి తీసుకోగా, మరికొందరు రోగులను పలకరించడం, వారి బంధువులకు దారి చూపించడం, నర్సులకు ఇబ్బంది కలగని వేళ చూసుకుని గది శుభ్రం చేయడం కూడా తమ పనేనని భావించారు. రోగి కోలుకోవడంలో తమకూ భాగముందని వారు నమ్మారు. జీతం మారలేదు, హోదా మారలేదు. అలాగని యాజమాన్యాలు తక్కువ జీతానికి ఈ మాటలను సాకుగా వాడుకోవడాన్ని నేను ఎంతమాత్రం ఒప్పుకోను. న్యాయమైన వేతనం ఉద్యోగి హక్కు, పనిలో అర్థం వెతుక్కోవడం ఆ ఉద్యోగి సొంత విషయం. నేను చేసేది మాత్రం ఫిర్యాదులు నమోదు చేసే ఉద్యోగం. ఫోనులో మాట్లాడుతున్న వ్యక్తి సమస్య తీరిందా లేదా అని మరునాడు ఒకసారి చూసుకోవడం నా బాధ్యతల జాబితాలో లేదు. చూసుకున్న రోజుకూ, చూసుకోని రోజుకూ మధ్య తేడా నాకు తెలుస్తుంది.

స్నేహం గురించి పత్రికలు దాదాపుగా మాట్లాడవు. నాకు ఇది అన్నిటికన్నా పెద్ద లోటుగా కనిపిస్తుంది. కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ పరిశోధనలో, కేవలం పరిచయం ఉన్నవారు మామూలు స్నేహితులు కావడానికి కలిసి గడిపిన సమయం సుమారు 50 గంటలు, స్నేహితులు కావడానికి సుమారు 90 గంటలు, దగ్గరి స్నేహితులు కావడానికి 200 గంటలకు పైగా పడుతుందని తేలింది. కాలేజీలో ఉన్నప్పుడు ఈ గంటలు మనం ఇవ్వకుండానే పోగుపడతాయి. ఒకే తరగతి గది, ఒకే హాస్టలు, ఒకే బస్సు. ఉద్యోగం కోసం కొత్త ఊరు వెళ్లినవారికి అవి ఎవరూ ఇవ్వరు. పని గట్టుకుని కూడబెట్టుకోవలసిందే. కొత్త ఊరిలో నెలలు గడిచినా ఒక్క మనిషీ దగ్గర కాలేదని కుమిలిపోయే యువతీయువకులకు, మీలో లోపమేమీ లేదు, ఇంకా అన్ని గంటలు గడవలేదంతే అని చెప్పేవారు కావాలి. వారానికి ఒకసారి ఒకే చోట, ఒకే వేళకు, అవే నలుగురు మనుషులను కలిసే ఏర్పాటు ఏదైనా సరే, ఆటైనా, గ్రంథాలయమైనా, సేవైనా, అది ఆ గంటలను నిలకడగా పోగుచేస్తుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పక తప్పదు. నేను పైన రాసినదంతా మామూలు వెలితి గురించి. రెండు వారాలు, అంతకు మించి రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి తప్పడం, బతకడం ఎందుకన్న ఆలోచనలు రావడం కుంగుబాటు వ్యాధి లక్షణాలు కావచ్చు. వాటికి వైద్యం ఉంది, వైద్యులను కలవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా 15 నుంచి 29 ఏళ్లవారి మరణాలకు దారితీసిన కారణాల్లో ఆత్మహత్య మూడోది. అందువల్ల ధైర్యంగా ఉండండి, లక్ష్యం పెట్టుకోండి అన్న మాటలు వైద్యానికి ప్రత్యామ్నాయంగా ఎక్కడా అచ్చు కాకూడదని నా ప్రార్థన.

ఇక మీకు నా విన్నపం. విజేతల పరిచయాలను ఆపేయమని అడగను. వాటి పక్కన, వారానికి ఒక్కసారైనా, ఏ ర్యాంకూ రాని, ఏ సంస్థా స్థాపించని, మామూలు ఉద్యోగమో చేతిపనో చేసుకుంటున్న ఒక యువతి గురించో యువకుడి గురించో అంతే స్థలంలో రాయండి. వారిని మీ లక్ష్యమేమిటని అడగకండి. ఈ మధ్య మీరు కొత్తగా ఏం నేర్చుకున్నారు, అది కష్టమైనప్పుడు ఎలా కొనసాగించారు, మీరు రాకపోతే ఎదురుచూసేవారు ఎవరున్నారు, ఏ పని చేస్తున్నప్పుడు గడియారం చూడడం మరిచిపోతారు అని అడగండి. విజేతలను కూడా వీలైతే ఇవే ప్రశ్నలు అడగండి. వారి ఇష్టం ఎప్పుడు, ఎన్ని తడబాట్ల తర్వాత స్థిరపడిందో చెప్పించండి. అటువంటి శీర్షిక మొదలుపెడితే, సమాధానాలు రాసి పంపడానికి నా పరిచయస్తుల్లోనే చాలామంది సిద్ధంగా ఉన్నారు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు