పడవలు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

మా షెడ్డులో మోటారు పడవలు సర్వీసుకు ఇచ్చిన మీ అందరికీ నమస్కారం. ఈసారి చెప్పిన రోజుకు ఇవ్వలేకపోయాం. తప్పు మాదే.

పోయిన నెల ఒకరి పడవకు ఇంజిను పని పూర్తిచేసి పంపించాం. పడవను మోసే ట్రెయిలర్ చక్రాల జోలికి పోలేదు. సగం దారిలో ఒక చక్రం నుంచి పొగ వచ్చింది. నేనే వెళ్లి హబ్, అంటే బేరింగులు ఉండే చక్రం నడిమి భాగం, విప్పాను. గ్రీజు ఉండవలసిన చోట తెల్లటి నురగ, తుప్పు నీళ్లు. బేరింగ్ రోలర్లు వేడికి నీలంగా మారిపోయి ఉన్నాయి. మనుషులకు ఏమీ కాలేదు. మరమ్మతు ఖర్చు మేమే పెట్టుకున్నాం. ఆ రోజు నుంచి చక్రాలు విప్పి చూడనిదే ఏ పడవనూ బయటికి పంపడం లేదు. ఆలస్యం అందువల్లనే. ఇంకా ఆరు పడవలు వరుసలో ఉన్నాయి.

బేరింగులోకి నీళ్లు ఎలా చేరతాయో చెబుతాను. దూరం లాక్కొచ్చాక హబ్ వేడెక్కి ఉంటుంది. అలాగే చల్లటి నీటిలోకి దించితే లోపలి గాలి సంకోచించి, నీళ్లు రాకుండా ఆపే సీలు పక్కనుంచి నీటిని పీల్చుకుంటుంది. అందుకే రేవు దగ్గర కాసేపు ఆగి, చల్లారాక దించండి. దారిలో ఆగినప్పుడల్లా హబ్ దగ్గర చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే భయం లేదు, చేయి నిలవకపోతే ఇక బండి కదిలించకండి. ఏడాదికోసారి బేరింగులు కడిగి, నీటికి తట్టుకునే మెరైన్ గ్రీజు కొత్తగా పట్టించాలి. పడవతో కలిపి ట్రెయిలర్ బరువులో సుమారు 10 శాతం బండి కొక్కెం మీద పడాలి. బరువంతా వెనక్కి ఉంటే వేగంలో ట్రెయిలర్ అటూ ఇటూ ఊగి, బండిని కూడా ఈడ్చేస్తుంది.

ఇంజిను గురించి ఒక్కటే బతిమాలుకుంటున్నాను. నీళ్లు అందకుండా ఒక్క క్షణం కూడా స్టార్ట్ చేయకండి. ఇంజినును చల్లబరిచే నీటి పంపులో ఉండే రబ్బరు రెక్కల చక్రమైన ఇంపెల్లర్‌కు ఆ నీళ్లే తడి. అవి లేకపోతే దాని రెక్కలు మాడి విరిగిపోతాయి.

లంగరు నిలవడం లేదని ఈ మధ్య ఒకరు ఇంకా బరువైనది కొన్నారు. అదీ జారింది. ఆయన తాడు చూస్తే 15 మీటర్లే. నీటి లోతు 5 మీటర్లు, నీటి నుంచి పడవ ముందు కొన ఎత్తు 1 మీటరు అనుకోండి, మొత్తం 6. దానికి ఏడు రెట్లు, అంటే 42 మీటర్ల తాడు వదలాలి. తాడు పొట్టిగా ఉంటే లంగరును పైకి లాగుతుంది, కొక్కెం నేలలో దిగదు. లంగరుకూ తాడుకూ మధ్య కొన్ని మీటర్ల గొలుసు వేస్తే లాగుడు నేలబారుగా ఉంటుంది. తాడును ఎప్పుడూ పడవ ముందు భాగానికే కట్టండి. వెనుక ఇంజిను బరువుకు పడవ అసలే కిందికి దిగి ఉంటుంది, అక్కడ కడితే అలలు నేరుగా లోపలికి వస్తాయి. పడవలు మునగడానికి అది చాలు.

పడవ తీసుకెళ్లడానికి వచ్చేటప్పుడు మీ లంగరు తాడు కూడా తీసుకురండి. ప్రతి 5 మీటర్లకూ రంగు గుర్తు వేసి ఇస్తాం, దానికి డబ్బు తీసుకోం.