మా బాబుకు రక్తమిచ్చిన మీ అందరికీ వందనాలు

పోయిన నెల ఓ నెగటివ్ రక్తం కావాలని నేను పెట్టిన మెసేజ్ మీలో చాలామంది చూసే ఉంటారు. దొరికింది. బాబు ఇంటికొచ్చి మళ్లీ బడికి పోతున్నాడు. మీకు ఈ మాట ఆ వారమే రాయాల్సింది, చెయ్యాడలేదు. ఆలస్యానికి మన్నించండి.

మాది ఆత్మకూరు దగ్గర పల్లె. బాబుకు తొమ్మిదేండ్లు. ఎనిమిదో నెలలో తలసీమియా మేజర్ అని తేలింది. వాడి ఒంట్లో మంచి రక్తం తయారుకాదు కాబట్టి మూడు వారాలకోసారి హన్మకొండకు తీసుకపోయి ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో ఇనుము పేరుకుపోతుంది, దానికి రోజూ మందు. ఇదంతా మాకు అలవాటైంది. కానీ వాడిది ఓ నెగటివ్. ఆ గ్రూపు వాళ్లకు ఆ గ్రూపే పడుతుంది, వేరేది పనికిరాదు. మార్చిలో పరీక్షలొచ్చి, ఎప్పుడూ ఇచ్చే కాలేజీ పిల్లలు దొరకలేదు. ఏ బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసినా లేదన్నారు. బాబు హిమోగ్లోబిన్ 5.8కి పడిపోయింది. మెట్లు ఎక్కలేక మా ఆయన భుజం మీద పడుకున్నాడు.

ఆ సాయంత్రం మొదట వచ్చింది ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని చేసే అన్న. పొద్దటినుంచి మిర్చి బస్తాలు మోసి, అదే బట్టల మీద వచ్చాడు. ఆయన లోపలికి రాగానే గదంతా మిర్చి ఘాటు. 350 మిల్లీలీటర్లు తీసి చాలన్నారు. "ఇంకింత తీస్కోరాదుండ్రి, నాకేం గాదు" అని ఆయన నర్సమ్మను బతిమాలుతుంటే నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. మండిబజార్ నుంచి ఒక ముస్లిం తమ్ముడు ఫోన్ చేసి, "రోజా ఉన్న అక్కా, ఇఫ్తార్ అయినంక తిని వస్త, ఖాళీ కడుపుతోని తీసుకోరట" అన్నాడు. అన్నట్టే వచ్చాడు. మాకూ అవి ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు, నేనూ ఉపవాసంలోనే ఉన్నాను. నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక అక్కకు హిమోగ్లోబిన్ 12.5 కన్నా తక్కువుందని తీసుకోలేదు. బస్సు ఛార్జీలు పెట్టుకొని వచ్చి ఉత్తచేతులతో పోతున్నానని ఆమె బాధపడింది. అక్కా, ఇది చదువుతున్నట్టయితే, నువ్వు ఇచ్చినట్టే నా లెక్క.

మా సంఘం పాస్టరు అయ్యగారు రాత్రంతా మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఒక్క ప్రార్థన చేశారు, అదీ చిన్నది. అన్నీ పోగొట్టుకొని బాధలో ఉన్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా ఆయనతో నేల మీద కూర్చున్నారని బైబిల్లో ఉంది. వాళ్లు నోరు తెరిచాకే యోబుకు నొప్పి ఎక్కువైంది. ఈ తొమ్మిదేండ్లలో మాకు నోరు తెరిచినవాళ్లే ఎక్కువ దొరికారు. మాది మేనరికం. మా ఆయన నాకు మేనమామ కొడుకు. "ఒప్పుకోని పాపమేదో మీ ఇంట్ల ఉన్నది" అన్నవాళ్లు విశ్వాసుల్లోనే ఉన్నారు. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు అడిగిందీ అదే, వీడు పాపం చేశాడా, వీడిని కన్నవాళ్లా అని. ఇద్దరూ కాదన్నాడు ప్రభువు. దేవుని క్రియలు వాడిలో కనబడడానికి అన్నాడు. ఆ మాట పట్టుకొని ఎన్ని రాత్రులు గడిపానో నాకే తెలుసు.

దేవుడు సర్వాధికారి అని చిన్నప్పటినుంచి పాడుతూనే ఉన్నాను. బాబు పుట్టాక ఆ పాట నా గొంతులో ఆగిపోయింది. అన్నీ ఆయన చేతిలో ఉంటే ఇదీ ఆయన చేతిలోదే కదా, ఎందుకు అని అడిగాను. నాకు జవాబు రాలేదు. యోబు గ్రంథం మొదటి అధ్యాయంలో పరలోకంలో ఏం జరిగిందో, సాతాను అడిగితే దేవుడు యోబును పరీక్షకు వదిలాడని, చదివే మనకు తెలుసు, యోబుకు మాత్రం చివరిదాకా ఎవరూ చెప్పలేదు. నాకు జవాబుకు బదులు మనుషులు వచ్చారు. ఎర్రకణాలు 42 రోజులకు మించి నిలవుండవు, ఏడాదికి సరిపడా తెచ్చి దాచుకోవడానికి లేదు. అరణ్యంలో దేవుడు ఇశ్రాయేలీయులకు ఇచ్చిన మన్నా అనే ఆహారం కూడా తెల్లారేదాకా ఉంచుకుంటే పురుగు పట్టేది. ప్రతి మూడు వారాలకూ వట్టిచేతులతో ఆయన ముందు నిలబడ్డాం, ప్రతిసారీ ముఖమెరుగని ఎవరో ఒకరు చొక్కా చెయ్యి మడుచుకుంటూ వచ్చారు. వాళ్లను పంపినవాడి చేతిలోనే నా కొడుకు జబ్బు కూడా ఉందని ఇప్పుడు భయం లేకుండా అనగలను. మన బైబిల్లో శ్రమ అంటే బాధ, బయట శ్రమ అంటే ఒళ్లొంచి చేసే పని. నా శ్రమలోకి మీరు మీ శ్రమతో వచ్చారు.

ఒక మాట బతిమాలి చెబుతున్నా. దేవుని చిత్తం అని పరీక్ష మానకండి. పెళ్లికి ముందు హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించుకుంటే తలసీమియా క్యారియరో కాదో, అంటే తనకు జబ్బు లేకున్నా పిల్లలకు దాటించే లక్షణం ఉందో లేదో తెలుస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మా మరిది పెళ్లికి ముందే చేయించుకున్నాడు, అదీ దేవుడిచ్చిన బుద్ధే. రక్తమిచ్చిన అన్నదమ్ముల్లారా, మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు అయ్యాకే మళ్లీ ఇవ్వండి. ముందే ఇస్తామని ఇద్దరు ఫోన్ చేశారు. మీ ఒళ్లూ మాకు ముఖ్యమే.

బాబుకు మీ పేర్లు తెలియవు. నిన్న రాత్రి పడుకునే ముందు మోకాళ్లూని, "మిర్చి మామను, రోజా మామను, రక్తం తీసుకోని పెద్దమ్మను చల్లగ చూడు యేసయ్యా" అన్నాడు. ఆమెన్ అనబోయి ఆగి, "స్టూలు మీద అయ్యగారిని కూడా, ఆయనకు నడుం నొప్పట" అన్నాడు.