ఫిజిక్సు కుర్చీ దిగిన పాదిరిగారు

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. సైన్సు మానేసి చర్చిలో చేరినవాళ్లంతా బుర్ర పనిచేయక పారిపోయినవాళ్లేనని తేల్చేశావు! మరి ఫిజిక్సు ప్రొఫెసరుగిరీ వదిలి పాదిరి అయిన ఇంగ్లీషాయన జాన్ పోల్కింగ్‌హార్న్‌ని ఏ పద్దులో రాస్తావో చెప్పు.

కేంబ్రిడ్జిలో, ఫిజిక్సులో నోబెల్ అందుకున్న అబ్దుస్ సలామ్ దగ్గర పీహెచ్‌డీ చేశాడు. 1968లో అక్కడే మేథమేటికల్ ఫిజిక్సు ప్రొఫెసర్, 1974లో బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి ఫెలో. పరమాణువు లోలోపలి కణాలైన క్వార్కుల లెక్కల్లో మునిగి ఉన్న మనిషి, యాభై దగ్గర పడుతుండగా 1979లో కుర్చీకి నమస్కారం పెట్టి, పాదిరి చదువుకి మళ్లీ బెంచీ ఎక్కాడు. కణ భౌతికానికి తను చేయగలిగింది చేశాననీ, గణితంతో నడిచే ఈ పనిలో వయసు పైబడ్డాక పదును పెరగదనీ ఆయన లెక్క. అలిగి వెళ్లలేదురా, తీరిగ్గా వెళ్లాడు. 1982లో ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు చర్చి, పాదిరిగా అభిషేకం. బ్రిస్టల్‌లో సహాయ పాదిరి, తర్వాత కెంట్‌లో బ్లీన్ అనే ఊళ్లో వికారు, అంటే ఆ ఊరి చర్చి బాధ్యత చూసే పాదిరి. ఆ పైన మళ్లీ కేంబ్రిడ్జి, క్వీన్స్ కాలేజీ ప్రెసిడెంటు. 1997లో నైట్‌హుడ్ ఇచ్చినా పేరు ముందు 'సర్' తగిలించుకోలేదు. చర్చి వాళ్లకి అది ఆనవాయితీ కాదట.

ఆయన రాతల్లో అందరూ ఎత్తి చూపేది కెటిల్ ఉదాహరణ. నీళ్లెందుకు మరుగుతున్నాయి? కింద మంట ఉంది కాబట్టి. నాకు టీ తాగాలని ఉంది కాబట్టి కూడా. రెండూ నిజమే, ఒకటి రెండోదాన్ని కొట్టెయ్యదు. బాగానే ఉంది. కానీ దేవుడు లోకంలో ఎలా పనిచేస్తాడంటే, ఆయన కేయాస్ సిద్ధాంతం వైపు వెళ్లాడు. మొదట్లో ఇసుమంత తేడా చివరికి పెద్ద తేడాగా పెరిగే వ్యవస్థల లెక్క అది. వాతావరణంలాంటి వాటిని ముందుగా చెప్పలేకపోవడం మన అజ్ఞానమే కాదు, లోకమే కొంత తెరిచి ఉందనడానికి గుర్తు అన్నాడు. నాకు మింగుడు పడలేదు. కేయాస్ సమీకరణాలు ఎక్కడా సందు వదలవు కదా, ఇవాళ్టి స్థితి కచ్చితంగా ఇస్తే రేపటికి ఒకే జవాబు! మనం లెక్కకట్టలేనంత మాత్రాన లోకానికి తలుపు ఉన్నట్టా? ఇక్కడ నువ్వూ నేనూ ఒకే పక్షం, సంతోషించు.

నాకు ఆయన నచ్చింది పుస్తకాల్లో కాదు, ఒక కమిటీలో. అబార్షన్ అయిన పిండం నుంచి తీసిన మెదడు కణాలను పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు రోగులకు ఎక్కించి చూస్తున్న రోజులవి. బ్రిటన్ ప్రభుత్వం నియమం రాయమని పెట్టిన కమిటీకి ఈయనే అధ్యక్షుడు, నివేదిక 1989లో వచ్చింది. పాదిరి కదా, వద్దనేస్తాడనుకుంటాం. అనలేదు. మనిషి కాగల శక్తి ఉన్నది గనక పిండానికి గౌరవం దక్కాలన్నాడు. ఆ గౌరవాన్ని ఉపన్యాసంగా వదిలేయకుండా ఆసుపత్రిలో నడిచే పద్ధతిగా మార్చాడు. అబార్షన్ నిర్ణయం వేరు, కణజాలం వాడకం వేరు. ముందు మొదటిది తేలాలి, ఆ తర్వాతే రెండోదానికి తల్లి సమ్మతి అడగాలి. ఫలానా రోగికే ఇవ్వమనడానికి వీల్లేదు. డబ్బు చేతులు మారకూడదు. తల్లికి వైద్యం చేసేవాళ్లకీ కణజాలం మీద పరిశోధన చేసేవాళ్లకీ మధ్య మూడో మనిషి గోడలా ఉండాలి. ఎవరి అవసరమూ ఆ తల్లి మీద ఒత్తిడి కాకూడదని, అంతే!

ఒక్కటే లోటు. కణజాలం దేనికి వాడారో తల్లికి తెలియనివ్వకుండా కూడా అదే గోడ కట్టారు. దేనికో తెలియకుండా ఇచ్చిన సమ్మతి సమ్మతేనా? తర్వాత చాలామంది ఇదే అడిగారు, న్యాయంగానే అడిగారు. గోడ ఎత్తు తగ్గిస్తే ఒత్తిడి వస్తుంది, పెంచితే ఆమె కళ్లకు గంతలవుతుంది. నువ్వయితే ఎక్కడ ఆపుతావ్? "మతం గొడవలు నాకెందుకు" అని తప్పించుకోకు, ఇందులో మతం ఎంతుందో ముందు అది చూపించు.

2002లో, మతం, ఆధ్యాత్మిక విషయాల్లో కృషికి ఇచ్చే టెంపుల్టన్ బహుమతి పోల్కింగ్‌హార్న్‌కి వచ్చింది, 2021లో పోయాడు. ఆయన కంటే ముందు ఏడాది అదే బహుమతి అందుకున్న ఆర్థర్ పీకాక్ కూడా ఇలాంటివాడే, డీఎన్‌ఏ మీద పనిచేసిన పాదిరి. ఆయన సంగతి వచ్చే ఉత్తరంలో. ముందు నా ప్రశ్నకి జవాబు రాయరా.

నీ
పాత వాదిగాడు