కుంచె, నల్ల ఇంకు, పాతకాలం ప్రకటనలు: 2024-25 మన చిత్రకారుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతికి పిల్లల బొమ్మల పోటీ పెట్టాం, స్కెచింగ్ కోసం భవానీ ద్వీపం వెళ్లొచ్చాం, రెండూ అనుకున్నట్టే జరిగాయి, ఫొటోలు గ్రూపులో ఉన్నాయి కాబట్టి వాటి గురించి మళ్లీ రాయను. ఈ ఏడాది మనల్ని నిజంగా కూర్చోబెట్టి పని నేర్పింది ఒక్కటే, పాత పత్రికల్లో వచ్చే ప్రకటనల్లాంటి బొమ్మల్ని కంప్యూటర్ ముట్టుకోకుండా కుంచెతో, ఇండియన్ ఇంకుతో వెయ్యడం. ఈ నివేదికంతా దాదాపు దాని గురించే.

విజయవాడ గవర్నర్‌పేటలో గానుగ నూనె కొట్టు పెడుతున్న ఒకాయన మన దగ్గరికి వచ్చి, వెనకటి వారపత్రికల్లో అమృతాంజనం ప్రకటనలు ఉండేవి చూడండి, అలాంటి బొమ్మ కావాలి అన్నారు. మన కుర్రాళ్లు రెండు రోజుల్లో చేసి చూపించారు. పసుపుపచ్చ కాగితం, చెదిరిన అక్షరాలు, మూలల్లో మరకలు, అన్నీ ఉన్నాయి. ఆయన కాసేపు చూసి, "కాగితం పాతగా ఉందండీ, బొమ్మ మాత్రం కొత్తగానే ఉంది" అన్నారు. ఆయన చెప్పింది ముమ్మాటికీ నిజం.

తేడా ఎక్కడుందో చెప్పింది మన పెద్ద మాస్టారు. నలభై ఏళ్లు సైన్‌బోర్డులు రాసి, ప్రెస్సులకి డిజైన్లు వేసి ఇచ్చిన మనిషి. అప్పట్లో బొమ్మ అచ్చు కావాలంటే దాన్ని ఫొటో తీసి, జింకు రేకు మీదకి ఎక్కించి, యాసిడ్‌లో పెట్టి బ్లాకు చేసేవాళ్లు. గీత ఉన్నచోట రేకు ఎత్తుగా మిగిలి ఇంకు అంటుకుంటుంది, మిగతాదంతా యాసిడ్ తినేస్తుంది. అంటే లైన్ బ్లాకులో నలుపు, తెలుపు తప్ప మూడోది లేదు. బూడిద రంగు కావాలంటే నీడల్ని చిన్నచిన్న చుక్కలుగా మార్చే హాఫ్‌టోన్ బ్లాకు ఉంది కానీ దానికి ఖర్చు ఎక్కువ, పైగా న్యూస్‌ప్రింట్ మీద చుక్కలు అలుక్కుపోయేవి. అందుకని చెంప మీద నీడనీ, పట్టుచీర మెరుపునీ, సీసా గుండ్రాన్నీ అన్నిటినీ ఆర్టిస్టు గీతల్లోకే మార్చాలి. ఎక్కడ నలుపు నింపాలి, ఎక్కడ కాగితాన్ని అలాగే వదిలెయ్యాలి అనేది ఇంకులో కుంచె ముంచే ముందే తేల్చుకోవాలి. పాత బొమ్మకి ఆ అందం అక్కడినుంచి వచ్చింది. మరకల వల్ల రాలేదు.

ఇది మన ఊళ్లో పుట్టిన ముచ్చట కాకపోయినా మనవాళ్ల చరిత్రే. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారే 1908లో అక్కడే ఆంధ్రపత్రిక వారపత్రిక పెట్టారు. కేసరి కుటీరం పేరుతో లోధ్ర అనే ఆడవాళ్ల మందు తయారుచేసిన కేసరి గారే 1928లో గృహలక్ష్మి పత్రిక తెచ్చారు. మందూ పత్రికా ఒకే చేతిమీదుగా నడిచాయి, ప్రకటన బొమ్మ ఆ రెంటి మధ్య పెరిగింది. తర్వాతి కాలానికి వస్తే, ఏషియన్ పెయింట్స్ ప్రకటనల్లో కుంచె పట్టుకుని కనిపించే అల్లరి పిల్లాడు గట్టుని 1954లో గీసింది ఆర్.కె. లక్ష్మణ్ గారు. మన బాపు గారు కూడా అడ్వర్టైజింగ్ ఏజెన్సీల్లో పనిచేసినవారే. ఆయన బొమ్మలో జడ చూడండి, ఒకే గీత లావుగా మొదలై వెంట్రుకంత సన్నమై ఆగుతుంది. ఆ గీత పెన్నుకి రాదు, కుంచెకే వస్తుంది.

ఇక మన శిక్షణ విషయం. ఆరు ఆదివారాలు కూర్చున్నాం. మొదటి రెండు ఆదివారాలూ మాస్టారు బొమ్మ వెయ్యనివ్వలేదు, అక్షరాలే రాయించారు. "స్వచ్ఛమైన నువ్వుల నూనె" అని పెన్సిల్‌తో రాసి చూస్తే విషయం అర్థమైంది. స్వకీ, చ్ఛకీ, వ్వకీ ఒత్తులు కిందికి దిగుతాయి, ఎత్వం పైకి లేస్తుంది, ఆ ఒక్క లైనే అరచెయ్యంత చోటు తినేస్తుంది. ఇంగ్లిష్ లెటరింగ్ పుస్తకాల్లో కొలతలు మనకి పనికిరావు. అందుకే ముందు అక్షరాలకి చోటు కట్టి, మిగిలినదాంట్లో బొమ్మ అమర్చాలి, తర్వాత ఇరికిద్దాంలే అనుకుంటే ఒత్తు వచ్చి అమ్మాయి తలమీద కూర్చుంటుంది.

మూడో ఆదివారం ఆయన ఒక నుదుటి ముంగురు వేసి చూపించారు. రెండో నంబరు గుండ్రటి కుంచె. వెంట్రుకల్లో సగం వరకే ఇంకులో ముంచారు, సాసరు అంచున తిప్పుతూ మొన తేల్చారు, పక్కన చిత్తుకాగితం మీద ఒక గీత లాగి చూసుకున్నారు. చిటికెనవేలు బోర్డుకి ఆనించి, కుంచె నిలువుగా పట్టుకుని, మొన ఆనగానే కాస్త నొక్కి, తనవైపు లాక్కుంటూ మెల్లగా ఎత్తేశారు. వంపు వచ్చినచోట చెయ్యి తిప్పలేదు, కుడిచేత్తో గీస్తూనే ఎడంచేత్తో ఐవరీ బోర్డుని, అంటే బొమ్మ వేసే నున్నటి దళసరి అట్టని, తిప్పారు. అంతా మూడు సెకన్లు పట్టి ఉంటుంది. గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆ గీత కోసం మనం ఆ తర్వాత ఎన్ని కాగితాలు ఖర్చుపెట్టామో సామాను బిల్లు చూస్తే తెలుస్తుంది, అయినా నాకు ఆ ఖర్చు మీద ఏ పశ్చాత్తాపమూ లేదు.

ఇంకు విషయంలో ఒక దెబ్బ తిన్నాం. వాటర్‌ప్రూఫ్ అని చెప్పి అమ్మిన సీసాలు కొన్నాం, ఆరాక పైన నీళ్లలో పలచగా కలిపిన రంగు పూస్తే నలుపంతా పారిపోయి నాలుగు బొమ్మలు పాడయ్యాయి. అసలైన ఇండియన్ ఇంకులో మసితో పాటు లక్క ఉంటుంది, ఆరితే నీటికి కదలదు. ఆ లక్కే కుంచెకి శత్రువు కూడా, వెంట్రుకల మొదట్లో గట్టిపడితే మొన చీలిపోతుంది. పది నిమిషాలకోసారి నీళ్లలో జాడించండి, పని అయ్యాక సబ్బుతో కడిగి మొన తేల్చి పడుకోబెట్టండి. సంఘం కొన్న సేబుల్ (జంతువు వెంట్రుకలతో చేసిన) కుంచెలు ఖరీదైనవి, ఇంటికి తీసుకెళ్లినవాళ్లు దయచేసి ఇది పాటించండి.

రెండో దెబ్బ అచ్చులో తగిలింది. ఒక ప్రెస్సువాళ్లు మన బొమ్మని మామూలు ఫొటోలా తక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేసి వేశారు, గీతల అంచులన్నీ బొచ్చులా వచ్చాయి. అంత కష్టపడి బూడిద రంగు లేకుండా వేస్తే మిషను తెచ్చి పెట్టింది. ఇకమీదట లైన్ ఆర్ట్ ఏదైనా 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు), బూడిద రంగు లేని నలుపు-తెలుపు బిట్‌మ్యాప్‌గా మనమే స్కాన్ చేసి ఫైలు ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది.

నూనె కొట్టాయనకి బొమ్మ చివరికి నచ్చింది, డబ్బాల మీద అదే వేయించుకున్నారు. వచ్చిన పారితోషికం మొత్తం వేసినవాళ్లకే ఇచ్చాం, సంఘం ఏమీ తీసుకోలేదు. దీని మీద కొందరు సభ్యులకి అభ్యంతరం ఉందని తెలుసు, సర్వసభ్య సమావేశంలో మాట్లాడదాం. నా అభిప్రాయం మాత్రం ఇప్పుడే చెప్తున్నాను, చేతిపనికి ఇచ్చే డబ్బు చేతికే చేరాలి. మాస్టారికి కూడా వచ్చే ఏడాది నుంచి తరగతికి ఇంత అని గౌరవ వేతనం ఇవ్వాలి. ఫ్లెక్సీలు వచ్చాక ఆయనలాంటి ఎంతమంది కుంచె పక్కన పెట్టేశారో మనందరికీ తెలుసు, వాళ్లని వెతికి పిలుచుకొచ్చి ఊరికే నేర్పమనడం న్యాయం కాదు.

జమాఖర్చులు, ఆడిట్ కాగితాలు సమావేశంలో చదువుతాం. చందా బాకీ ఉన్నవాళ్లు ఆ రోజే కట్టండి.

ఒక్క కోరిక. మీ ఇళ్లలో అటక మీద భారతి, గృహలక్ష్మి, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు ఏవైనా ఉంటే తీసుకురండి, ఎంత చినిగిపోయినా సరే. ప్రకటనల పేజీలు కత్తిరించి తేవద్దు, పుస్తకం పుస్తకంలాగే తెస్తే స్కాన్ చేసుకుని అదే రోజు ఇచ్చేస్తాం.

కార్యదర్శి