నర్సు రాసిన నవలలంటే అంత చులకనా?

సంపాదకుల వారికి,

మీ ఆదివారం పుస్తకాల పేజీలో డాక్టర్-నర్సు ప్రేమ నవలల మీద వచ్చిన వ్యాసం చదివాను. అవన్నీ కాలక్షేపం సరుకని వ్యాసకర్త ఒక్క ముక్కలో తేల్చేశారు. చాలాకాలం నైట్ డ్యూటీలు చేసి రిటైరైన నర్సుని నేను. ఆ నవలల్లో డాక్టర్లు మరీ అందగాళ్లన్న మాట నిజమే. తెల్లవారుజామున నాలుగింటికి నలగని చొక్కాతో వార్డుకొచ్చిన డాక్టర్ని నేనైతే చూడలేదు. కానీ లూసిల్లా ఆండ్రూస్‌ని కూడా అదే గాటన కట్టేస్తే ఊరుకోలేకపోయాను.

1919లో సూయెజ్‌లో పుట్టిన ఈ బ్రిటిష్ రచయిత్రి రెండో ప్రపంచ యుద్ధంలో నర్సు. లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో శిక్షణ పొందారు, అదీ బాంబులు పడుతున్న రోజుల్లో. 1947లో ఒక డాక్టర్ని పెళ్లి చేసుకున్నారు. ఆయన మత్తుమందులకు బానిసని తర్వాతగానీ తెలియలేదు. కూతురు పుట్టిన కొద్దికాలానికే ఆయన్ని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. చంటిబిడ్డతో ఆవిడ మళ్లీ డ్యూటీకెక్కారు, ఆ డ్యూటీ చేస్తూనే రాశారు. మొదటి నవల అచ్చయిన 1954లోనే భర్త పోయారు. నమ్మదగ్గ డాక్టర్లని కాగితం మీద నిలబెట్టిన మనిషి ఇంట్లో పడ్డ పాటు ఇది! 30కి పైగా నవలలు రాశారంటే సరదా ఒక్కటే కాదు, ఇల్లు గడవాలి కూడా.

ఆవిడ 1977లో వేసిన ఆత్మకథ ఊసే వ్యాసంలో లేదు. తామరకి జెన్షన్ వయొలెట్ అనే ఊదారంగు మందు పూయడం, కమిలిన దెబ్బలకి లెడ్ లోషన్ (సీసం కలిసిన మందు) రాయడం లాంటి కొత్త నర్సుల పనులన్నీ అందులో ఉన్నాయి. (మేం జీవీ పెయింట్ అనేవాళ్లం. చేతికంటితే సబ్బుకి లొంగదు.) బుకర్ బహుమతి అందుకున్న ఇయన్ మెకీవన్ 2001లో వచ్చిన తన యుద్ధకాలపు నవలకి వార్డు వివరాలు ఆ ఆత్మకథలోంచే తీసుకున్నారు, చివర ఆవిడకి కృతజ్ఞతలూ చెప్పారు. 2006 అక్టోబరులో ఆవిడ చనిపోతే, మరుసటి నెలలోనే అక్కడి పత్రికలు ఇది కాపీ అంటూ రచ్చ చేశాయి. నేను కాపీ అనను. వార్డులో పూసిన మందుని ఎవరు రాసినా అదే పేరుతో రాయాలి. నాకు ముఖ్యమనిపించింది వేరే. 1940 నాటి వార్డులో కొత్త నర్సు ఏం చేసేదో కావాల్సి వచ్చినప్పుడు అంత పెద్ద రచయిత వెళ్లింది ఈ 'కాలక్షేపం' రచయిత్రి దగ్గరికే. బెడ్‌పాన్లు ఎవరు కడిగారో పెద్ద డాక్టర్ల జ్ఞాపకాల్లో వెతికితే దొరకదు మరి.

ఈసారి ఆవిడ ఆత్మకథ మీద ఓ వ్యాసం వేయించండి. ప్రేమ నవలల శీర్షిక కింద వద్దు, చరిత్ర శీర్షిక కింద వేయండి.

- ఒక రిటైర్డ్ హెడ్ నర్సు