మరకలు మురికి కావు, చిగుళ్ళను అరగదీయకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో పళ్ళు జివ్వుమనడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. మెత్తటి బ్రష్ వాడాలని, సెన్సిటివ్ పేస్టుకు మారాలని చెప్పారు. రెండూ మంచి మాటలే. కానీ నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు పుట్టి, బోరు నీళ్ళు తాగి పెరిగిన మాలాంటి వాళ్ళకు ఈ బాధ మొదలయ్యేది వేరే చోట. ఆ సంగతి ఎక్కడా చదివిన గుర్తు లేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను జీవశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన టీచర్ని. మా ఊళ్ళల్లో నడివయసు దాటిన ఎవరిని నవ్వించినా ముందు పళ్ళ మీద గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. ఫ్లోరోసిస్ అని అందరికీ తెలుసు. కానీ ఆ చారలు ఎక్కడ ఉంటాయో చాలామందికి తెలియదు. శాశ్వత పన్ను దవడ లోపల తయారవుతున్న వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళ లోపు, నీళ్ళతో ఫ్లోరైడ్ ఎక్కువగా ఒంట్లోకి పోతే పన్ను పైపొర అయిన ఎనామిల్ సరిగ్గా గట్టిపడదు. పన్ను బయటికొచ్చాక ఆ గుల్లబారిన చోట రంగు పడుతుంది. అది పన్ను పైన అంటుకున్న మురికి కాదు, పన్నులోనే ఉన్న లోపం. కాబట్టి ఎంత తోమినా పోదు.

పోదని తెలియకనే మా వాళ్ళు తోమారు. ఇటుక పొడి, బొగ్గు, ఉప్పు, పిడకల బూడిద, ఆ తర్వాత ఎర్ర పళ్ళపొడి, ఆ తర్వాత దుకాణంలో దొరికే అన్నిటికన్నా గట్టి బ్రష్. ముఖ్యంగా ఆడపిల్లలు. మా అక్కకు పెళ్ళి చూపులు మొదలైన రోజుల్లో అమ్మ తెల్లవారుజామునే లేపి, దొడ్లో కూర్చోబెట్టి, మెత్తగా నూరిన ఇటుక పొడితో తోమించేది. "ఎంత తోమినా పోతలేదమ్మా" అని అక్క ఏడ్చేది. అమ్మ తప్పేమీ లేదు. పిల్ల నవ్వుతూ ఉండాలని ఆమె ఆశ. మరక మురికి కాదని ఆమెకు చెప్పడానికి ఆనాడు ఊళ్ళో ఎవరున్నారు?

ఇప్పుడు అక్కకు అరవై దాటాయి. మరకలు అలాగే ఉన్నాయి, చిగుళ్ళు మాత్రం పోయాయి. పై వరసలో కోరపళ్ళ దగ్గర చిగురు బాగా పైకి జరిగి పళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి. చిగురు దగ్గర పన్ను మీద గోరు పట్టేంత గాడి పడింది. కుండ నీళ్ళు తాగదు, గోరువెచ్చగా ఉంటేనే గొంతు తడుపుకుంటుంది. మామిడికాయ పచ్చడి మానేసి ఏళ్ళైంది. చలికాలంలో పొద్దున్నే నోరు తెరిచి మాట్లాడదు, చల్లగాలి తగిలితే చాలు. "పండ్లు గుంజుతున్నయి తమ్మీ, నెత్తి దాకా జివ్వుమంటది" అంటుంది.

ఎందుకలా జివ్వుమంటుందో బడిలో పిల్లలకు చెప్పినట్టే చెబుతాను. ఎనామిల్ పన్ను పై భాగానికే కవచం. చిగురు కింద ఉండే వేరుకు ఆ కవచం లేదు, పల్చటి పొర ఒకటి ఉంటుంది. చిగురు జరిగి వేరు బయటపడితే ఆ పొర తొందరగానే అరిగిపోతుంది. దాని కింద ఉండేది డెంటిన్, అంటే పన్ను లోపలి భాగం. అందులో కంటికి కనిపించని సన్నటి గొట్టాలు చదరపు మిల్లీమీటరుకు వేల సంఖ్యలో ఉంటాయి. వాటిలో ఉండే ద్రవం చల్లదనానికో, గాలికో, తీపికో, పులుపుకో కదిలితే లోపలి నరానికి తెలిసిపోతుంది. గోరు ఊడిన వేలిని నీళ్ళలో ముంచితే ఎలా ఉంటుందో అలాంటి బాధ.

అక్కను హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉన్న ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు తీసుకెళ్ళాను. ఎంజీబీఎస్ బస్టాండులో బస్సు దిగితే అక్కడికి నడిచి వెళ్ళొచ్చు, మా వైపు వాళ్ళు గుర్తుపెట్టుకోండి. అక్కడి డాక్టరమ్మ అక్క చేతికి అద్దం ఇచ్చి ఓపికగా చూపించింది. తగ్గిన చిగురు దానంతట అది మళ్ళీ పెరగదని, అవసరమైతే అంగిలి నుంచి కొంచెం కండ తీసి అతికించే ఆపరేషన్ ఉందని, అది అందరికీ అక్కర్లేదని చెప్పింది. మెత్తటి బ్రష్‌ను చిగురు అంచున ఏటవాలుగా పెట్టి, అడ్డంగా రుద్దకుండా చిన్నగా కదపడం నేర్పింది. పులుపు తిన్న వెంటనే తోమొద్దని, ఓ అరగంట ఆగమని అంది. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు రాసిచ్చింది. అది రాసుకోగానే పనిచేసేది కాదు, కొన్ని వారాలు మానకుండా వాడాలి. అక్కకు ఇప్పుడు కొంత నయం. మంచినీళ్ళు తాగుతోంది.

గార, అంటే పళ్ళ మీద గట్టిపడిన పాచి, తీయిస్తే పళ్ళు వదులవుతాయని మా దగ్గర గట్టి నమ్మకం. దానికి భయపడి గారను ఏళ్ళ తరబడి అలాగే ఉంచుకుంటారు. నిజానికి చిగుళ్ళు జరగడానికి గట్టిగా తోమడం ఒక కారణమైతే, గార చేరి చిగురు వాచి, లోపలి ఎముక తరిగిపోవడం అంతకన్నా పెద్ద కారణం. గార తీశాక సందులు కనిపిస్తాయి, కొన్నాళ్ళు జివ్వుమంటుంది కూడా. ఆ సందులు గార వెనక ఎప్పటి నుంచో ఉన్నవే. షుగర్ ఉన్నవాళ్ళకు ఈ చిగుళ్ళ జబ్బు ఇంకా తొందరగా ముదురుతుంది. నస్యం, గుట్కా సంగతి చెప్పనక్కర్లేదు. పేస్టుల్లో, పళ్ళపొడుల్లో పొగాకు కలపకూడదని 1992లోనే నిషేధం వచ్చింది. అయినా పండ్లు గుంజినప్పుడు నస్యం అద్దుకునే ముసలమ్మలు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు.

ఇంకో భయం కూడా చూశాను. ఫ్లోరైడ్ వల్లే మా బతుకులు ఇట్లా అయ్యాయని పేస్టు డబ్బా మీద ఆ మాట కనిపిస్తే చాలు పక్కన పెట్టేస్తారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ పళ్ళు ఏర్పడిపోయిన పెద్దవాళ్ళు పేస్టుతో తోమి ఉమ్మేస్తే కొత్త మరకలు రావు, బయటపడ్డ వేరు పుచ్చకుండా అది కాపాడుతుంది. జాగ్రత్త పడాల్సింది పేస్టు మింగేసే చిన్నపిల్లల విషయంలో. వాళ్ళకు ఎంత వాడాలో డాక్టరును అడగాలి.

ఫ్లోరైడ్ నీళ్ళ మీద, వంగిపోయిన నడుముల మీద పత్రికలు ఎన్నో ఏళ్ళు రాశాయి. మీ పత్రికా రాసింది, మేం మరిచిపోలేదు. ఆ పోరాటాల వల్లే ఇవాళ కృష్ణా నీళ్ళు మా ఇళ్ళలో నల్లాలకు వస్తున్నాయి. నేను రిటైరయ్యే నాటికి చిన్న తరగతుల పిల్లల పళ్ళ మీద చారలు తగ్గడం కళ్ళారా చూశాను. ఆ పిల్లలు అదృష్టవంతులు. కానీ వాళ్ళ తల్లిదండ్రుల, తాతల నోళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అది అందం సంగతే కదా అనుకున్నారు. చల్లనీళ్ళు తాగలేకపోవడం, ఒకవైపే నమలడం, పళ్ళు ఊగి రాలిపోవడం అందానికి సంబంధించినవి కావు.

2018లో మన రాష్ట్రంలో కంటి వెలుగు పెట్టి ఊరూరా కళ్ళు పరీక్షించి అద్దాలిచ్చారు. మా అమ్మకు చివరి రోజుల్లో అలా వచ్చిన అద్దాలే. ఫ్లోరైడ్ పీడిత మండలాల్లోనైనా పళ్ళకు అలాంటి పరీక్ష పెట్టమని ప్రభుత్వాన్ని అడుగుతున్నాను. పెద్ద యంత్రాలు అడగడం లేదు. ఒక దంత వైద్యుడు, గార తీసే పరికరం, మనిషికో మెత్తటి బ్రష్, దాన్ని ఎలా పట్టుకోవాలో అద్దంలో చూపించే ఓపిక. బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పిల్లల పళ్ళు ఎలాగూ చూస్తాయి. మరకలున్న పిల్లకు, "ఇది మురికి కాదమ్మా, గట్టిగా రుద్దొద్దు" అనే ఒక్క మాట చెప్పి, తల్లికి కూడా చెప్పి పంపితే చాలు. రంగు కప్పించుకోవాలనుకునే వాళ్ళకు డాక్టర్ల దగ్గర వేరే దారులున్నాయి, అవి ఎక్కడ తక్కువ ఖర్చుతో దొరుకుతాయో కూడా చెప్పాలి.

మీకు కూడా ఒక విన్నపం. ఫ్లోరైడ్ మరక, గార, తగ్గిన చిగురు, ఈ మూడింటి ఫొటోలు పక్కపక్కన వేసి, దేనికి ఏం చేయాలో పెద్ద అక్షరాల్లో జిల్లా ఎడిషన్‌లో ఒక పేజీ ఇవ్వండి. దాన్ని కత్తిరించి మా మండలంలోని అంగన్‌వాడీల్లో, బడుల్లో, పంచాయతీ ఆఫీసుల్లో గోడలకు అంటించే పని నాతో రిటైరైన టీచర్లం చూసుకుంటాం.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా