కణం తలుపు దగ్గరే జరిగే పోరు గురించీ రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

వానాకాలం వస్తే మన పత్రికల్లో డెంగీ, ఫ్లూ జ్వరాలపై వ్యాసాలు విరివిగా వస్తాయి. వాటిలో రోగనిరోధక శక్తి ప్రస్తావన తెల్ల రక్తకణాలతో, యాంటీబాడీలతో ముగిసిపోవడం, వైరస్ సోకిన కణం తనను తాను ఎలా కాపాడుకుంటుందో చెప్పకపోవడం జీవశాస్త్రం బోధించిన నాకు పెద్ద లోటుగా తోస్తోంది.

వైరస్ తగిలిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని విడుదల చేసి ఇరుగుపొరుగు కణాలను అప్రమత్తం చేస్తుందని 1957లోనే లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనుగొన్నారు. ఆ హెచ్చరిక అందుకున్న కణాల్లో తయారయ్యే ఐఎఫ్‌ఐటీఎం ప్రోటీన్లు ఫ్లూ, డెంగీ, వెస్ట్‌నైల్ వైరస్‌లను ఆరంభ దశలోనే నిలువరిస్తాయని 2009లో ప్రయోగశాలలో పెంచిన కణాలపై రుజువైంది. వీటిలో ఐఎఫ్‌ఐటీఎం3 పనితీరు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఫ్లూ వైరస్‌ను కణం ఒక పొరతిత్తిలో చుట్టి లోపలికి తీసుకుంటుంది. తిత్తిలో ఆమ్లత పెరిగినప్పుడు వైరస్ తన పైపొరను తిత్తి పొరతో కలిపి, అక్కడ ఏర్పడే రంధ్రం గుండా తన జన్యుపదార్థాన్ని కణంలోకి వదలాలి. ఐఎఫ్‌ఐటీఎం3 ఆ తిత్తి పొరలోనే ఉండి దానిని బిగువుగా మారుస్తుందని, అందువల్ల పొరలు సగం కలిసినా రంధ్రం తెరుచుకోదని పరిశోధనలు సూచిస్తున్నాయి. బయటపడే దారిలేని వైరస్ అక్కడే నశిస్తుంది.

ఐఎఫ్‌ఐటీఎం3ను తయారుచేసే జన్యువు లేని ఎలుకలకు ఫ్లూ సోకితే జబ్బు తీవ్రమవుతుందని 2012లో తేలింది. మనుషుల్లో ఈ జన్యువులోని ఒక తేడాకూ జబ్బు తీవ్రతకూ సంబంధం ఉందని అప్పుడే గుర్తించినా, తర్వాతి అధ్యయనాలన్నీ దానిని ఒకే తీరుగా సమర్థించలేదు.

పాఠకులకు తప్పక చెప్పవలసిన మరో సంగతి ఉంది. గర్భంలో మావి ఏర్పడాలంటే కొన్ని కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోవాలి. వైరస్‌ను ఆపే ఈ ప్రోటీన్లే ఆ కలయికనూ అడ్డుకోగలవని, ఇంటర్‌ఫెరాన్ మితిమీరినప్పుడు మావి దెబ్బతినడానికి ఇది కారణం కావచ్చని 2019లో వెలువడిన పరిశోధన తెలిపింది. నిరోధక శక్తి ఎంత పెరిగితే అంత మేలని నమ్మించే పొడులు, మాత్రల ప్రకటనలు రోజూ కనిపిస్తున్న కాలంలో ఈ విషయం జనానికి తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

ఈ సీజన్‌లోనైనా మీ సైన్స్ పేజీలో ఈ ప్రోటీన్లపై ఒక సమగ్ర వ్యాసం, కణం లోపలి దృశ్యాన్ని చూపే బొమ్మతో సహా, ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు, గుంటూరు